వాటర్‌ఫాల్ నిండా గీతలే, డీకోడ్ మాత్రం సున్నా

విజయవాడలో మా డాబా మీద హామ్ రేడియో కోసం, 20 మీటర్ల తరంగాల బ్యాండ్‌కి డైపోల్ అనే తీగ యాంటెన్నా కట్టిన రోజు. అటు ఐదు, ఇటు ఐదు మీటర్ల తీగ. సాయంత్రం రేడియోను 14.074 మెగాహెర్ట్జ్‌కి తిప్పి, అప్పర్ సైడ్‌బ్యాండ్ మోడ్‌లో పెట్టి, లాప్‌టాప్‌లో సిగ్నళ్లను అక్షరాలుగా మార్చే (డీకోడ్ చేసే) డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్ సాఫ్ట్‌వేర్ తెరిచాను. సిగ్నళ్లను గీతలుగా చూపే వాటర్‌ఫాల్ నిండా ఎఫ్‌టీ8 (చిన్న సందేశాలు పంపుకునే డిజిటల్ పద్ధతి) గీతలు. పక్కన డీకోడ్ కిటికీలో ఒక్క అక్షరం లేదు. యాంటెన్నాని అనుమానించి రెండుసార్లు డాబా ఎక్కి దిగాను. తీరా చూస్తే లాప్‌టాప్ గడియారం మూడు సెకన్లు వెనకుంది.

అందుకే ముందు టైమ్ సరిచేయండి. ఎఫ్‌టీ8లో అందరూ 15 సెకన్ల వంతులు పాటిస్తారు. అందులో సిగ్నల్ ఉండేది 12.64 సెకన్లు. మొదలెక్కడో సాఫ్ట్‌వేర్‌కి దాదాపుగా తెలియాలి. విండోస్‌లో టైమ్ సెట్టింగ్స్‌కి వెళ్లి ‘సింక్ నౌ’ నొక్కితే చాలు. తర్వాత డీటీ (మన గడియారానికీ, వచ్చిన సిగ్నల్‌కీ మధ్య సెకన్ల తేడా) అనే కాలమ్ మీద కన్నేయండి. అన్ని వరసల్లోనూ 1.5 దరిదాపుల్లో కనిపిస్తే తప్పు మన గడియారానిదే. ఒక్క స్టేషన్‌కే అలా ఉంటే వాళ్ల పాట్లు వాళ్లవి.

రెండోది ఆడియో. బ్యాండ్ ఖాళీగా ఉన్నప్పుడు, వట్టి నాయిస్‌కి, సాఫ్ట్‌వేర్‌లో కింద మూలనున్న పచ్చ మీటర్ 30 డీబీ దగ్గర ఆడాలి. ఎక్కువ పెడితే ఎక్కువ పట్టేస్తుందనుకోకండి, పెద్ద సిగ్నళ్లు చిన్నవాటిని మింగేస్తాయి. రేడియోలో నాయిస్ రిడక్షన్, విండోస్‌లో సౌండ్ ఎన్‌హాన్స్‌మెంట్స్ రెండూ ఆపేయండి. అవి మన చెవికి సుఖం, డీకోడర్‌కి శత్రువులు. ఫిల్టర్ వెడల్పుగానే ఉంచండి. ఒక్కో సిగ్నల్ తీసుకునేది 50 హెర్ట్జే కాబట్టి వాటిని విడదీసే పని సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది.

ఇక అసలు వేట ఇంట్లోని నాయిస్. రేడియోను బ్యాటరీ మీద, లాప్‌టాప్‌ను దాని చార్జ్ మీద నడుపుతూ మెయిన్ ఆపండి. సిగ్నల్ బలం చూపే మా రేడియో ఎస్-మీటర్ 7 నుంచి 3కి పడిపోయింది! ఆ తర్వాత ఎంసీబీలు ఒక్కొక్కటే వేస్తూ, మీటర్ మళ్లీ ఎప్పుడు లేస్తుందో చూశాను. హాల్ ఎంసీబీ దగ్గర దొరికింది దొంగ: టీవీ వెనక వేలాడే సీరియల్ లైట్ల అడాప్టర్. పండగ అయిపోయి రెండు నెలలైనా ఎవరూ తీయలేదు. దాన్ని పీకేశాక వచ్చిన వంతులోనే మైనస్ 19 డీబీ దగ్గర, అంటే నాయిస్‌లో మునిగినంత బలహీనంగా, ఒక ఇటలీ స్టేషన్ పడింది. స్పీకర్‌కి చెవి ఆనించి విన్నా నాకు వినపడింది గాలి హోరే.