చెస్ ఇంజిన్‌కి దూకుడు నేర్పడం – 4వ భాగం: లేబుల్ దగ్గరే అసలు పని

పోయిన భాగంలో బేస్ నెట్ (ఇంజిన్ పొజిషన్లకి విలువ కట్టే మొదటి న్యూరల్ నెట్‌వర్క్) తయారైంది. బాగానే ఆడుతుంది గానీ, లెక్క తేలని పొజిషన్ వస్తే బంటును కాపాడుకుని కూర్చునే రకం. ఈసారి దాని స్వభావం మారుద్దాం.

చాలామందికి మొదట తట్టేది త్యాగాలకు పేరుపడ్డ మాజీ ప్రపంచ చాంపియన్ మిఖాయిల్ తాల్ ఆటలన్నీ పోగేసి నెట్‌కి తినిపించడం. దాంతో పని కాదు. ఆయన ఆటలు కొన్ని వేలే. మనం వాడే ఎన్ఎన్‌యూఈ రకం (చెస్ ఇంజిన్లకి సరిపోయేలా వేగంగా లెక్కించే) నెట్‌కి కోట్ల పొజిషన్లు కావాలి. పైగా ఈ నెట్ ఎత్తుల్ని అనుకరించదు. బోర్డు చూసి ఎవరిది పైచేయో ఒక అంకెలో చెబుతుంది, అంతే. కాబట్టి మార్చాల్సింది ట్రైనింగ్‌లో మనం చూపించే అంకెని, అంటే లేబుల్‌ని.

స్టాక్‌ఫిష్ అనే చెస్ ఇంజిన్ నెట్ల ట్రైనర్‌లో లేబుల్ రెండు ముక్కల మిశ్రమం: సెర్చ్ (ముందు ఎత్తులు వేసి చూడటం) ఇచ్చిన స్కోరు, ఆ ఆట చివరి ఫలితం. పాళ్ళు తేల్చేది లామ్డా. అది 1 అయితే స్కోరు మాత్రమే, 0 అయితే ఫలితం మాత్రమే.

ఒక పొజిషన్ తీసుకుందాం. తెల్ల బిషప్ హెచ్7 బంటుని కొట్టి చచ్చింది, నల్లరాజు కోట విడిచి బయటికి రావాల్సొచ్చింది. సెర్చ్ స్కోరు తెల్లకి −60 సెంటీపాన్‌లు (100 అంటే ఒక బంటు విలువ). స్కోరుని 0–1 మధ్యకి మార్చే సిగ్మాయిడ్ సూత్రంలో, స్కేలు 400తో వేస్తే 0.463. ఆట తెల్ల గెలిచింది, ఫలితం 1. లామ్డా 0.7 పెడితే లేబుల్ 0.624. వెనక్కి సెంటీపాన్‌లలోకి మారిస్తే దాదాపు +203! అదే ఇలాంటి ఆటల్లో సగం గెలిచి సగం ఓడితే సగటు లేబుల్ 0.474, అంటే −42 దగ్గరే ఆగుతుంది.

ఈ రెండు అంకెల తేడా చూసి, గెలిచిన త్యాగాలనే డేటాలో ఉంచాలని చెయ్యి లాగుతుంది. ఆ పని చేయకండి. బిషప్‌ని ఊరికే పోగొట్టుకున్నా రెండు బంట్ల లాభం అనే నెట్ తయారవుతుంది. అది దూకుడు కాదు, పిచ్చి.

ఇంకో ఆకర్షణ: డ్రాకి 0.5 బదులు 0.4 ఇవ్వడం. వినడానికి బాగుంటుంది, కానీ ఇక్కడే సెర్చ్ దెబ్బతింటుంది. నెట్ ఎప్పుడూ ఎత్తు వేయాల్సిన వాడి వైపు నుంచి చెబుతుంది. పూర్తిగా సమానంగా ఉండి డ్రా అయిన పొజిషన్‌కి ఇప్పుడు లేబుల్ 0.47, అంటే −48. సెర్చ్ ఆగిన చివరి పొజిషన్‌లో ఎత్తు మనదైతే −48, ఎదుటివాడిదైతే గుర్తు తిరిగి మనకి +48. లోతు ఒక్క ఎత్తు మారితే స్కోరు 96 ఊగుతుంది. లీలా చెస్ జీరో అనే మరో ఇంజిన్‌కి ఈ తలనొప్పి లేదు. దాని నెట్ గెలుపు, డ్రా, ఓటమి అవకాశాలను విడివిడిగా చెబుతుంది. డ్రా మీద అయిష్టాన్ని సెర్చ్‌లో, మన రంగు ఏదో తెలిసిన చోట, కలపొచ్చు.

మన నెట్‌కి సరిపోయే దారి ఇది. ఎదుటి రాజు చుట్టూ ఉన్న గళ్ళపై ఎవరి పావులు ఎక్కువ గురిపెట్టాయో లెక్కించండి. ఆ పక్షం మెటీరియల్‌లో (పావుల మొత్తం విలువలో) వెనకబడి ఉంటే స్కోరుకి 30 బోనస్ కలపండి. తెల్లకి +30 అయితే నల్లకి కచ్చితంగా −30 కావాలి. అప్పుడు పై ఊగిసలాట రాదు. ఆ లోటు కనీసం 8 అర్ధ ఎత్తులైనా (ఒక్కో పక్షం వేసే ఒక్కో ఎత్తు) అలాగే ఉండాలి, లేకపోతే మామూలు పావుల మార్పిడి మధ్యలో ఆగిన పొజిషన్లు కూడా త్యాగాలుగా లెక్కలోకి వస్తాయి. ఓడిన ఆటలూ ఉండనివ్వండి.

ఈ డేటాని పాత డేటాతో కలిపి, లెర్నింగ్ రేటు (ఒక్కో అడుగులో నెట్ ఎంత మారాలో చెప్పే అంకె) బాగా తగ్గించి, బేస్ నెట్ మీదే కొద్ది ఇపోక్‌లు (డేటా మీద పూర్తి చుట్లు) నడపండి. కొత్త డేటా ఒక్కటే పోస్తే మామూలు ఎండ్‌గేమ్‌లు మర్చిపోతుంది.

పరీక్షకి పాత నెట్‌తో మ్యాచ్ పెట్టండి: ప్రతి ఓపెనింగ్‌నీ రంగులు మార్చి రెండుసార్లు ఆడించాలి. ఈలో రేటింగ్ (ఆట బలాన్ని చెప్పే అంకె) ఒక్కటే చూడొద్దు. డ్రాలు తగ్గాయా, గెలుపులు తక్కువ ఎత్తుల్లో వస్తున్నాయా, మెటీరియల్ తక్కువగా ఉండి గెలిచినవి పెరిగాయా అన్నవి రాసుకోండి. నా దృష్టిలో 30 ఈలో పాయింట్ల వరకు నష్టం భరించొచ్చు; అంతకు మించితే బోనస్ తగ్గించాలి.

అభ్యాసం: బోనస్ 15, 30, 60తో మూడు నెట్‌లు చేసి, మూడింటినీ బేస్ నెట్‌తో ఆడించండి. ఓడిన ఆటలు పారేయకండి, 5వ భాగంలో వాటితోనే పని.