యాభై దాటాక స్కూబా – 5వ పాఠం: మొదటి అయిదు మీటర్లు

ఈసారి నేరుగా కిందికి దిగుదామనుకున్నాను. కానీ మాస్కులోకి వచ్చిన నీళ్ళను ముక్కుతో గాలి వదిలి బయటికి తోయడం నేర్పిన నాలుగో పాఠం తర్వాత వచ్చిన ఉత్తరాలు చూస్తే సగంమంది ఇంకా మాస్కులో నీళ్ళతోనే కుస్తీ పడుతున్నారు. ముందు ఆ సంగతి తేల్చేద్దాం.

"ముక్కుతో గాలి వదలమన్నారు, వదిలేలోపే నీళ్ళు ముక్కులోకి పోయాయి" అని చాలామంది రాశారు. పోతాయి మరి. వదిలేముందు మీకు తెలియకుండానే ముక్కుతో ఒకసారి పీలుస్తున్నారు. పుట్టిన దగ్గర్నుంచి ఉన్న అలవాటు, ఒక్క పాఠంతో వదలదు. మాస్కు పక్కన పెట్టేయండి. నడుం లోతు నీళ్ళలో స్నార్కెల్ (పైనుంచి గాలి అందించే గొట్టం) నోట్లో పెట్టుకుని, ముఖం ముంచి, నోటితోనే పీల్చి నోటితోనే వదలండి. ముక్కు నీళ్ళకు తెరిచే ఉంటుంది, అయినా లోపలికి ఏమీ పోదు. మొదట్లో చాలా ఇబ్బందిగా ఉంటుంది. మూడు నిమిషాలు తల ఎత్తకుండా ఉండగలిగాక మాస్కు పెట్టుకోండి. పక్కన ఒక మనిషి తప్పనిసరి. బాత్‌రూమ్ బకెట్లో తల ముంచి సాధన చేశానని ఒకాయన గర్వంగా రాశారు. దయచేసి వద్దు.

రెండో గొడవ, ఎంత బిగించినా మాస్కు కారుతోందని. ఇలా రాసినవాళ్ళు ఎక్కువగా మగవాళ్ళే, కారణం మీసం. సిలికాన్ అంచుకు చర్మం తగలాలి, వెంట్రుక తగిలితే నీరు దారి చూసుకుంటుంది. మీసం మొత్తం తీసెయ్యక్కర్లేదు. ముక్కు కింద సన్నని గీతంత మేర గొరిగితే చాలు, అద్దంలో మీకు తప్ప ఎవరికీ తెలియదు. ఆడవాళ్ళకు నుదుటి దగ్గర ఒకటి రెండు వెంట్రుకలు అంచు కింద ఇరుక్కుంటాయి, వేలితో ఒకసారి చుట్టూ తడుముకోవాలి. పట్టీ బిగించడం మాత్రం మందు కాదు. బిగించేకొద్దీ అంచు వంకర తిరిగి ఇంకా కారుతుంది.

గేజి (లోతు, మిగిలిన గాలి చూపించే మీటరు) మీద అంకెలు కనబడవన్న చత్వారం వాళ్ళకు ఒక్క మాట. నీళ్ళలో వస్తువులు మూడోవంతు పెద్దగా కనిపిస్తాయి గానీ చత్వారానికి అది చాలదు. మాస్కు అద్దం అడుగు భాగంలో అంటించుకునే చిన్న రీడింగ్ లెన్సులు దొరుకుతాయి, కొనుక్కోండి.

ఇక దిగుదాం. బీసీడీలోంచి (గాలి నింపితే తేల్చే జాకెట్టు) గాలి వదలడం, రెగ్యులేటర్‌తో (సిలిండరు గాలిని నోటికి అందించే పరికరం) ఊపిరి ఆగకుండా పీలుస్తూ ఉండడం మళ్ళీ చెప్పను. చెప్పాల్సింది చెవి గురించి.

సముద్రంలో పది మీటర్లకు ఒక వాతావరణ పీడనం చొప్పున పెరుగుతుంది. పైన ఒక లీటరున్న గాలి పది మీటర్ల దగ్గర అర లీటరవుతుంది. ఇరవైకి వెళితే 333 మిల్లీలీటర్లు. అంటే మొదటి పదిలో 500 పోతే, తర్వాతి పదిలో పోయేది 167 మాత్రమే. చెవి లోపలున్న గాలీ ఇలాగే నొక్కుకుపోతుంది. కొత్తవాళ్ళు లోతును చూసి భయపడతారు గానీ చెవికి అసలు పరీక్ష పైనున్న అయిదు మీటర్లలోనే. తిరుమల నుంచి అలిపిరికి బస్సులో దిగేటప్పుడు చెవులు దిబ్బడ వేస్తాయి కదా, ఆ ఘాట్ రోడ్డు మొత్తం మీద వచ్చే పీడనం తేడా సముద్రంలో ఒక మీటరు లోతుకన్నా తక్కువే. బస్సులో అరగంట పైన పట్టేదాన్ని నీళ్ళలో కొన్ని సెకన్లలో దాటేస్తారు.

నడిచెవి నుంచి గొంతు వెనక్కి ఒక సన్నని గొట్టం ఉంటుంది. మామూలుగా మూసుకుని ఉంటుంది, మింగినప్పుడూ ఆవులించినప్పుడూ తెరుచుకుంటుంది. దిగుతున్నంతసేపూ మీరే దాన్ని తెరిచి లోపలికి గాలి పంపుతూ ఉండాలి. డైవర్లు ఈక్వలైజ్ అంటారు. అందరూ నేర్పే పద్ధతి ముక్కు మూసుకుని మెల్లగా ఊదడం. ఇటలీ వైద్యుడు వాల్సాల్వా 1704లో దీన్ని రాసింది డైవర్ల కోసం కాదు, చెవిలో చీము బయటికి తోయడానికి. నాకీ పద్ధతి నచ్చదు. బలమంతా ఛాతీ నుంచి వస్తుంది, ఎంత ఊదుతున్నామో అంచనా దొరకదు. నేను నేర్పేది ఫ్రెంజెల్ పద్ధతి, రెండో ప్రపంచ యుద్ధ కాలపు జర్మన్ వైద్యుడి పేరు మీద వచ్చింది. ముక్కు మూసుకుని 'క' అనబోయి ఆగండి. నాలుక వెనక భాగం పైకి లేచి, నోట్లో ఉన్న కాస్త గాలినే చెవుల్లోకి నెడుతుంది. ఛాతీకి పనే లేదు. ముక్కు మూసుకుని మింగడం ఇంకో దారి, కొందరికి అదే బాగా కుదురుతుంది.

ఇప్పుడు నాకు చిరాకు తెప్పించే విషయం. మనవాళ్ళు నొప్పి వచ్చేదాకా ఆగుతారు. వచ్చాక కూడా చెప్పరు. పాతికేళ్ళ కుర్రాడు రెండో మీటరు దగ్గరే చెవి పట్టుకుని గంతులేస్తాడు, వాడితో బాధ లేదు. యాభై అయిదేళ్ళ పెద్దమనిషి మాత్రం పళ్ళు బిగించి దిగుతూనే ఉంటారు. అడిగితే పైకొచ్చాక అంటారు, "నా ఒక్కడి కోసం అందరూ ఆగాలా అండీ, అదే సర్దుకుంటుందనుకున్నాను" అని. సర్దుకోదు. చెవి బయటా లోపలా పీడనం తేడా మీటరు లోతుకు వచ్చేదాన్ని దాటి ఇంకాస్త పెరిగిందంటే ఆ గొట్టం మూతి నొక్కుకుపోతుంది. తర్వాత ఎంత ఊదినా తెరుచుకోదు. మనిషి ఏం చేస్తారు? ఇంకా గట్టిగా ఊదుతారు. ఆ ఊదుడుకి లోపలి చెవిలో ఉన్న పలచని పొర చిరిగిందంటే కళ్ళు తిరగడం, చెవిలో హోరు, కొందరికి శాశ్వతంగా వినికిడి తగ్గడం. కర్ణభేరి చిరిగితే చాలాసార్లు వారాల్లో అతుక్కుంటుంది. ఇది అలాంటిది కాదు.

కాబట్టి మళ్ళీ చెబుతున్నాను, విసుగు పుట్టినా సరే. ఈక్వలైజ్ చేయడం మొదటిసారి నీళ్ళపైనే, దిగకముందే. తర్వాత ప్రతి అర మీటరుకూ ఒకసారి, చెవికి ఏమీ అనిపించకముందే. అనిపించిందంటే అప్పటికే ఆలస్యం. తాడు పట్టుకుని, కాళ్ళు కిందికి పెట్టి దిగండి. తలకిందులుగా వెళ్ళడం వీడియోల్లో బాగుంటుంది, చెవికి కష్టం. గడ్డం కాస్త పైకెత్తండి. ఒక చెవి మొండికేస్తే ఆ చెవి ఆకాశం వైపు ఉండేలా తల వంచి మళ్ళీ 'క' అనండి. తెరుచుకోకపోతే ఒక మీటరు పైకి. అయినా కాకపోతే ఇంకో మీటరు. అప్పటికీ కాకపోతే ఆ రోజుకు డైవ్ లేదు, పడవలో కూర్చుని టీ తాగండి. డబ్బు కట్టేశాం కదా అనే మాట నా దగ్గర తేకండి.

చెవి తెరుచుకోవడం లేదన్న సంగతి నీళ్ళలో గైడుకు చెప్పేది ఎలా? అరచేతిని అటూ ఇటూ ఊపి, వేలితో చెవి చూపించండి. తల ఊపితే కుదరదు, మన తల ఊపులో అవునో కాదో పైన ఉన్నప్పుడే ఎవరికీ తెలియదు. బొటనవేలు పైకెత్తారంటే "పైకి వెళదాం" అని అర్థం. అంతా బాగుందని ఉత్సాహంగా బొటనవేలు చూపించి, గైడు పైకి తీసుకుపోతే ఆశ్చర్యపోయినవాళ్ళు ఉన్నారు.

జలుబుంటే దిగకండి. ముక్కు దిబ్బడ మాత్ర వేసుకుని దిగితే, దాని ప్రభావం నీటి అడుగునే అయిపోయిందంటే పైకి వచ్చేటప్పుడు గాలి బయటికి రాలేక చెవిలో ఇరుక్కుంటుంది.

మొదటి డైవ్ ఎక్కడ అని అడిగినవారికి నా మాట: అండమాన్‌లో స్వరాజ్ ద్వీప్, అంటే పాత హేవ్‌లాక్, అక్కడి నీమో రీఫ్. ఒడ్డు నుంచి నడిచి వెళ్ళి, నేల మెల్లగా వాలుతుంటే దానితోపాటు దిగొచ్చు. చెవికి కావలసినంత సమయం దొరుకుతుంది. కర్ణాటక తీరంలోని నేత్రాణి దీవి దగ్గర పడవ మీంచి దూకాలి, అది రెండో విడతకి.

డైవింగ్‌కు ముందు నింపాల్సిన వైద్య ఫారం గురించి మళ్ళీ అడిగారు. నలభై అయిదు దాటినవాళ్ళకు బీపీ, కొలెస్ట్రాల్, పొగతాగడం, ఇంట్లో గుండెజబ్బుల ప్రశ్నలు ఊరికే పెట్టలేదు. ఒక్కదానికి "అవును" వచ్చినా డాక్టరు సంతకం కావాలి. జర్మన్ చిత్ర దర్శకురాలు లేనీ రీఫెన్‌స్టాల్ డెబ్బై దాటాక వయసు ఇరవై ఏళ్ళు తగ్గించి చెప్పి డైవింగ్ సర్టిఫికెట్ తెచ్చుకుంది. ఆవిడ దాదాపు నూరేళ్ళ వయసుదాకా డైవ్ చేసిన మాట నిజమే. మీరు మాత్రం పుట్టిన సంవత్సరం సరిగ్గా రాయండి.

సాధన: రోజుకు వంద 'క'లు, పదేసి చొప్పున. ముక్కు మూసుకుని, మెల్లగా, రెండు చెవుల్లోనూ చిన్న టిక్ వినబడాలి. అద్దం ముందు చేస్తే బుగ్గలు ఉబ్బకూడదు, ఛాతీ కదలకూడదు. వారం తర్వాత మంచం మీద పడుకుని తల అంచు కిందికి వేలాడేసి చేయండి. బీపీ, గ్లకోమా, మెడ నొప్పి ఉన్నవాళ్ళు ఈ చివరిది వదిలేయండి. నొప్పి పుడితే ఎవరైనా ఆపి ఈఎన్‌టీ డాక్టరుకు చూపించుకోండి.

వచ్చే పాఠం నీళ్ళలో మునగడానికి కట్టుకునే సీసపు బరువులు. ఎవరికి ఎంత కట్టాలో లెక్క వేయడానికి మీ బరువు రాసి పంపండి, ఈ నెలలో తూచుకున్నది.