ఇంట్లో ఫుడ్ ప్రాసెసర్ - నాలుగో పాఠం: ముందు ఉల్లిపాయ పంచాయితీ, తరువాత డిస్కులు

ఈ పాఠంలో డిస్కుల (ముక్కలు కోసే, తురిమే గుండ్రటి పలకల) గురించి రాస్తానని మాట ఇచ్చాను. రాస్తాను గానీ, మూడో పాఠం తెచ్చిన పంచాయితీ ముందు తీరాలి. ఉల్లిపాయలు తరగమంటే చాలామంది ఉల్లిపాయ నీళ్లు తీసి పెట్టారు. కొందరికి పైన పెద్ద పెచ్చులు, అడుగున ముద్ద. విశాఖ సీతమ్మధారలో ఒకావిడ ఆ ముద్దతోనే ఉప్మా తాలింపు పెట్టి, చేదెక్కిందని చెప్పి, బ్లేడుకు పదును లేదని తీర్పు కూడా ఇచ్చేశారు. పదును సరిగానే ఉంది. అది తిరగవలసిన దానికన్నా ఎక్కువసేపు తిరిగింది, అంతే.

ఫిర్యాదు చేసిన ప్రతివారినీ ఒకటే అడిగాను: వేగం మార్చే నాబ్ ఎక్కడ పెట్టారు? అందరి జవాబూ ఒకటే: "ఒకటి మీద, నెమ్మదిగా తిరుగుతుందని." ఒకటి అంటే నెమ్మది కావచ్చు గానీ, ఆగకుండా తిరగడమే. ఉల్లిపాయకు కావలసింది వేగం తగ్గించడం కాదు, మాటిమాటికీ ఆపడం. అందుకే సున్నాకు ఎడమ పక్కన పల్స్ అనే స్థానం ఉంటుంది. కొన్ని యంత్రాల మీద వట్టి 'పి' అక్షరం కనిపిస్తుంది, కొన్నింటికి బటన్ ఉంటుంది. అటు తిప్పి పట్టుకున్నంతసేపే మోటారు నడుస్తుంది. వదిలితే నాబ్ తనంతట తానే సున్నాకు వస్తుంది. ఈ చివరి వాక్యం గుర్తుంచుకోండి, కింద దీనితో పని ఉంది.

ఎస్ ఆకారపు బ్లేడు గిన్నె అడుగున తిరుగుతుంది. ఆగకుండా తిరిగితే అడుగున ఉన్న ముక్కలే మళ్లీ మళ్లీ తెగుతాయి, పైవి పైనే కూర్చుంటాయి. పైవి దిగేలోపు కిందివి నలిగి రసం వదులుతాయి. ఆ ఘాటు, ఆ చేదు నలిగిన రసానివే. పల్స్ కొట్టి వదిలినప్పుడు చేటలో బియ్యం చెరిగినట్టు ముక్కలు ఎగిరి పడతాయి, పైనున్నవి కిందికి జారతాయి. ఆ జారేదాకా ఆగడమే మీ పని. నోటితో "ఒకటి" అనేంతసేపు తిప్పండి, వదలండి, ముక్కలు పడనివ్వండి, మళ్లీ తిప్పండి. కూర తాలింపుకు నాలుగైదు సార్లు చాలు. పెసరట్టు మీద చల్లుకునే సన్న ముక్కలకు ఆరేడు. ఇంకొక్కసారి తిప్పితే బాగుంటుంది అనిపించిన చోటే ఆపేయండి.

పరిమాణం కూడా దెబ్బతీసింది. లీటరున్నర గిన్నెలో మధ్యరకం ఉల్లిపాయలు రెండు, మహా అయితే మూడు. ఒక్కోదాన్ని నాలుగు చెక్కలు చేయండి, పెద్దదైతే ఎనిమిది. అన్నీ ఒకే పరిమాణంలో ఉండాలి. ఒక్క సగం ముక్క పొరపాటున పడినా, అది తెగేలోపు మిగతావి గుజ్జవుతాయి. గిన్నె మీద గీసిన గరిష్ఠ గీత ఉల్లిపాయకు లెక్క కాదు. ఈ పనికి గిన్నెలో మూడోవంతు నిండితే చాలు.

ఇంకొకటి, ఏ ఉల్లి అన్నది చూడాలి. రైతుబజార్లో పొడి పొరలతో గలగలమనే నాసిక్ ఉల్లిపాయ ఒకలా తెగుతుంది, ఖరీఫ్ పంటగా వచ్చే కర్నూలు కొత్త ఉల్లి ఒకలా తెగుతుంది. కొత్తదానిలో నీరెక్కువ, నిల్వ కూడా తక్కువ. దానికి ఒక పల్స్ తగ్గించండి. పొట్టు తీశాక కడిగితే గుడ్డతో తుడిచి వేయండి. నా మట్టుకు నేను రెండు ఉల్లిపాయల కోసం యంత్రం దించను. కత్తిపీట మీద అయిపోతుంది, కడుక్కునే పనీ ఉండదు. నలుగురైదుగురు చుట్టాలు దిగినప్పుడే యంత్రం.

రెండో రకం ఫిర్యాదు: "అసలు తిరగడమే లేదు." ఒకరు మెకానిక్‌ను పిలిపించి డబ్బిచ్చారు. ఆయన గిన్నెను అరంగుళం తిప్పి వెళ్లాడు. గిన్నె మోటారు భాగం మీద టక్కున కూర్చోవాలి, మూత గిన్నె మీద టక్కున కూర్చోవాలి. చాలా యంత్రాల్లో మూత అంచున ఉన్న ముక్క, గిన్నె పిడిలోని చిన్న కడ్డీని నొక్కుతుంది. ఆ కడ్డీ కింద ఉన్న స్విచ్‌ను నొక్కుతుంది. ఇవి కుదరకపోతే మోటారుకు కరెంటు అందదు. అన్నీ కుదిరినా తిరగకపోతే ఆ పిడిలో ఉల్లి రసమో, పిండో ఎండి కడ్డీ బిగిసిపోయి ఉండొచ్చు. గిన్నెను గోరువెచ్చని నీళ్లలో నాననిచ్చి, బోర్లించి బాగా ఆరబెట్టండి. చెంచా కాడతో కడ్డీని నొక్కి, మూత లేకుండా తిప్పి చూసినవారు ఇద్దరున్నారు. వారితో నేను విడిగా మాట్లాడాను.

ఇక నాకు ఒళ్లు మండే విషయం. యంత్రాన్ని మూత తిప్పి ఆపడం.

తాళం మూతలో ఉంది గనుక, మూత కొంచెం తిప్పితే మోటారు ఆగుతుంది. నాబ్ దాకా చెయ్యి పోనక్కరలేదు, సులువు. చూసిన ప్రతి వంటింట్లోనూ ఇదే అలవాటు. ఇందులో రెండు ప్రమాదాలు. మొదటిది, మోటారు ఆగినంత మాత్రాన బ్లేడు ఆగినట్టు కాదు. వెంటనే ఆపే బ్రేకు లేని యంత్రాల్లో అది ఇంకొంతసేపు తిరిగి గానీ నిలవదు. మూత ఈలోపే మీ చేతిలోకి వచ్చేస్తుంది. రెండోది ఇంకా పెద్దది. నాబ్ ఇంకా ఒకటి మీదే ఉంది. మీరు గరిటెతో అంచులు గీకి, మూత మళ్లీ పెట్టి తిప్పిన క్షణాన, మీరు ఏ స్విచ్చూ ముట్టకుండానే యంత్రం నడుస్తుంది. గరిటె లోపలే మరిచిపోయారా, గరిటె ముక్కలవుతుంది. మూత సరిగా కూర్చోలేదని దాని మీద కాయలు వేసే గొట్టంలో వేలు పెట్టి సర్దుతున్నారా, ఆపై నేను చెప్పనక్కరలేదు.

ఇదే సంగతి కరెంటుకూ వర్తిస్తుంది. హుద్‌హుద్ తుపాను తరువాత విశాఖలో కొన్ని ప్రాంతాల్లో తీగలు భూమి కిందికి వెళ్లాయి గానీ, కరెంటు పోవడం మానలేదు. మధ్యలో పోయిందనుకోండి, అందరూ మొదట చేసేది పక్కింట్లో ఉందో లేదో చూడటానికి బాల్కనీలోకి వెళ్లడం. నాబ్ రెండు మీదే ఉంటుంది. కరెంటు వచ్చేసరికి వంటింట్లో ఎవరూ ఉండరు, యంత్రం తనంతట తాను తిరుగుతూ ఉంటుంది. లేదా ఎవరో పిల్లవాడు ఉంటాడు.

ఎర్ర బటన్‌ కథా ఇదే. బరువెక్కువై మోటారు ఆగిపోతే, చాలా యంత్రాలకు అడుగున ఎర్ర బటన్‌ ఉంటుంది. యంత్రాన్ని ఒక పక్కకు వంచి, నాబ్ సున్నాకు తేకుండా, ప్లగ్గు తీయకుండా దాన్ని నొక్కుతారు. ఒళ్లో వంగి ఉన్న యంత్రం తిరగడం మొదలుపెడుతుంది. ముందు నాబ్ సున్నాకు, తరువాత ప్లగ్గు బయటికి, తరువాత గిన్నె దించి సగం సరుకు తీసేయాలి, మోటారు చల్లారనివ్వాలి. బటన్‌ అప్పుడు.

కాబట్టి వరుస ఇదీ: నాబ్ సున్నా, బ్లేడు నిలిచిందని కంటితో చూడటం, ఆ తరువాతే మూత. పల్స్ వాడితే మొదటి మెట్టు యంత్రమే చేసి పెడుతుంది. ఉల్లిపాయ ముక్కలైనా, వేళ్లు నిలిచినా ఆ ఎడమ పక్క స్థానం వల్లే.

మనకు సముద్రపు గాలి ఉంది గనుక ఒక మాట. లాసన్స్ బే కాలనీ, ఎంవీపీ కాలనీ లాంటి చోట్ల స్టీలు బ్లేడుకు కూడా తుప్పు మచ్చలు వస్తాయి. కడిగిన వెంటనే తుడవండి. సింకులో నురగ నీళ్లలో ఎప్పుడూ వదలకండి. నురగలో బ్లేడు కనబడదు, వెతికేది చెయ్యి. నేను పొడి సరుకు ముందు, తడి సరుకు తరువాత వేస్తాను: వేరుశనగలు, ఆపై కొబ్బరి, చివర ఉల్లి. మధ్యలో గిన్నె కడగనక్కరలేదు.

డిస్కులు. ఎస్ బ్లేడు తీసేసి, డిస్కును మధ్యలో పట్టుకుని ఎక్కించండి, అంచు ముట్టుకోవద్దు. కాయను గొట్టంలో పెట్టి, దాన్ని కిందికి నెట్టే పుషర్‌తో మాత్రమే నొక్కండి. నొక్కడం ఎంత గట్టిగా అంటే, బంగాళదుంపకు కొంచెం గట్టిగా, టమాటాకు ఆనించినంత. డిస్కు అడ్డంగా కోస్తుంది గనుక కాయను ఎలా నిలబెట్టారన్నదే ముక్క ఆకారం. ఉల్లిపాయ నిలువుగా పెడితే చక్రాలు, పడుకోబెడితే పొడవు చీలికలు. పకోడీకి చీలికలే కావాలి. క్యారెట్ ఒక్కటే వేస్తే వాలిపోయి వంకరగా తెగుతుంది. గొట్టం నిండేలా మూడు నాలుగు కలిపి నిలబెట్టండి. డిస్కు మీద చివర్లో మిగిలే చిన్న తునకను మళ్లీ కోయాలని చూడకండి, నోట్లో వేసుకోండి. మామిడికాయ తురుము పచ్చడికి చెక్కు, టెంక తీసిన కాయ తురుము డిస్కు మీద చక్కగా వస్తుంది. ఆవకాయ ముక్కలు మాత్రం టెంకతో ఉంటాయి, వాటిని ఈ యంత్రం దగ్గరికి తేకండి. పూర్ణా మార్కెట్లోనే కొట్టించుకోండి. రొయ్యల వడలకు రొయ్యలు పొట్టు తీసి, సగం గడ్డకట్టాక ఎస్ బ్లేడుతో పల్స్ కొట్టండి. మెత్తగా ఉన్నప్పుడు వేస్తే జిగురవుతుంది.

సాధన ఈసారి బరువైనదే. కిలో ఉల్లిపాయలు కొనండి. సగం ఎస్ బ్లేడుకు, నాలుగు వాయిలుగా: మొదటి వాయికి మూడు పల్స్‌లు, రెండోదానికి నాలుగు, తరువాత అయిదు, ఆరు. ఒక్కో వాయిని ఒక్కో తెల్ల పళ్లెంలో పరచి, ఏ వాయిదో చీటీ పెట్టండి. పావుగంట వదిలేసి పళ్లెం ఒక పక్కకు వంచి, ఎంత నీరు దిగిందో చూడండి. మీ యంత్రానికి, మీరు తెచ్చిన ఉల్లికి ఎన్ని పల్స్‌ల దగ్గర నీరు మొదలైందో వంటింటి గోడకు రాసి అంటించండి. మిగతా సగం డిస్కుకు, కొన్ని నిలువుగా, కొన్ని పడుకోబెట్టి. ప్రతి వాయి తరువాతా నాబ్ సున్నాకు వచ్చిందో లేదో ఇంట్లో ఇంకొకరి చేత చూపించండి. వాళ్లు "మూత తిప్పి ఆపావు" అన్నారంటే ఆ వాయి చెల్లదు, మళ్లీ చేయాలి. ఆ పూట ఇంట్లో ఉల్లిపాయ పులుసు, సాయంత్రం పకోడీ.

చపాతీ పిండి కలపడం అయిదో పాఠంలో. అప్పటిదాకా గిన్నెలో గోధుమ పిండి పోయకండి.