బండి తాళం చేతికిచ్చే ముందు మా వాడికి నేర్పినవి

మా వాడు పదో తరగతి నుంచీ "నాన్నా, ఒక్క రౌండ్" అని అడుగుతూనే ఉన్నాడు. ఇవ్వలేదు. మైనర్ బండి నడుపుతూ దొరికితే తల్లిదండ్రులకో బండి ఓనరుకో మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా. పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. 2019లో చట్టం ఇలా మారింది. మొన్న జూన్‌లో పద్దెనిమిది నిండాయి, లెర్నింగ్ లైసెన్సు తీశాం. ఎల్ బోర్డు పెట్టి, నేను వెనక కూర్చున్నాను.

ముందు బండి ఆపడం నేర్పండి. ఆదివారం పొద్దున్నే హన్మకొండలో ఒక ఖాళీ గ్రౌండుకు తీసుకెళ్లి ముగ్గుపిండితో గీత గీశాను. 40 స్పీడులో వచ్చి గీత దగ్గర బ్రేకు వేయమన్నాను. గీత దాటి ఎంత దూరంలో ఆగాడో వాడి అడుగులతోనే కొలిపించాను. 60లో పోతే బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. జేబులో ఫోన్ మోగిందని ఒక్క సెకను కిందికి చూస్తే అంత దూరం కళ్లు మూసుకుని పోయినట్టే. ఆ 17 మీటర్లూ నడిపించాను. సగం దూరం పోయాక మాట్లాడటం మానేశాడు.

రెండు బ్రేకులూ కలిపి, మెల్లగా బిగిస్తూ పట్టాలి. ఇసుక మీద, వడ్ల మీద ముందు బ్రేకు గట్టిగా పట్టకూడదు. పంతొమ్మిదేళ్లప్పుడు నేను అలాగే పడ్డాను. మా ఊరి దారిలో యాసంగి వడ్లు ఆరబోశారు. రాత్రికి కుప్ప చేసి, నల్ల టార్పాలిన్ కప్పి, చుట్టూ రాళ్లు పెట్టారు. దగ్గరికొచ్చేదాకా కనపడలేదు. నా ఎడమ మణికట్టు ఇప్పటికీ పూర్తిగా వంగదు. కోతల రోజుల్లో పల్లె దారుల్లో చీకటి పడ్డాక బండి ఇవ్వకండి.

హెల్మెట్‌కు ఐఎస్ఐ మార్కు ఉండాలి. బెల్టు పెట్టాక వెనక నుంచి పైకి లాగి చూడండి, ఊడొస్తే మార్చండి.

నాకు అన్నిటికన్నా టెన్షన్ వెనక కూర్చునే దోస్తులతోనే. "ఇంకొంచెం లాగరా" అంటే ఆ వయసులో కాదనలేరు. అందుకే ఆరు నెలలు ఎవర్నీ ఎక్కించుకోవద్దన్నాను. "అడిగితే మా నాన్న ఊరుకోడని చెప్పు, నెపం నా మీద వెయ్యి" అన్నాను. పిల్లలకు అలాంటి సాకు ఒకటి కావాలి.

ఆలస్యమైనా, నిద్రొస్తున్నా ఫోన్ చేస్తే నేనే వస్తానని కూడా చెప్పాను. మీరూ చెప్పండి. వెళ్లినప్పుడు మాత్రం దారిలో ఏమీ అడక్కండి. అడిగితే రెండోసారి ఫోన్ చేయడు.