రేకుల షెడ్డుకి తుప్పు చూరు కిందే మొదలవుతుంది

కొత్తపట్నం, మైపాడు, కృష్ణపట్నం వైపు సముద్రానికి దగ్గరగా రేకుల షెడ్డు ఉన్నవాళ్లు ఒకసారి నిచ్చెన వేసుకుని చూరు కింది భాగం చూడండి. కప్పు మీద పడ్డ ఉప్పుని వాన కడిగేస్తుంది. చూరు కింద, గోడ రేకుల పైభాగంలో వాన తగలదు కాబట్టి ఉప్పు అక్కడే పేరుకుంటుంది. రాత్రి చెమ్మకి తడిసి రేకుని తినడం మొదలుపెడుతుంది. మూడు నాలుగు నెలలకోసారి ఆ చోటు పైపుతో కడిగితే చాలు. కానీ మంచినీళ్లతోనే. మన తీరంలో చాలా బోర్లు ఉప్పు నీళ్లే ఇస్తాయి, వాటితో కడిగితే కడగనట్టే.

ఇంకోటి, నేను డబ్బు పోసి నేర్చుకున్నది. మా రొయ్యల మేత గోడౌన్‌కి రేకులు బిగించాక డ్రిల్లింగ్ రజను ఎవరూ ఊడ్వలేదు. తొలి వానకే కప్పంతా ఎర్రటి చుక్కలు! ఇనప రజను తుప్పు పట్టి కింద పూతనీ పాడుచేస్తుంది. పని జరిగిన రోజు సాయంత్రమే, మనుషులు కిందికి దిగకముందే, మెత్తటి చీపురుతో ఊడ్పించండి. రేకుని గ్రైండర్‌తో అసలు కోయనివ్వకండి, ఆ వేడికి అంచున జింకు పూత కాలిపోతుంది. కత్తెరతో కోయమంటే కూలి ఎక్కువ అడుగుతారు, ఇచ్చేయండి.

ఏసీ రాగి గొట్టం మీంచి కారే నీళ్లు జింకు రేకు మీద పడనివ్వకండి. స్క్రూల దగ్గర ఎర్రబడితే వైర్ బ్రష్‌తో గీకి, జింక్ ప్రైమర్ వేసి, పైన పెయింట్ కొట్టించండి. మనకి పెద్ద వానలు అక్టోబరు నుంచే కాబట్టి ఈ పని సెప్టెంబరులోపే.