వరి కోతలకు దిగేముందు, మెడ ఎముకలు అరిగినవాళ్లు ఇవి చూసుకోండి

పడినవాళ్లని గబుక్కున లేపి కూర్చోబెట్టకండి. మెడ ఎముకలు అరిగి లోపల వెన్నుపాము దారి ఇరుకైనవాళ్లు బోర్లా పడి గడ్డం నేలకు కొట్టుకుని మెడ వెనక్కి విరుచుకుంటే, ఎముక విరగకపోయినా వెన్నుపాము నలిగిపోవచ్చు, అప్పుడు కాళ్లకంటే చేతులే ఎక్కువ చచ్చుబడతాయి. మెడ కదలనివ్వకుండా 108కి ఫోన్ చేయండి.

చొక్కా గుండీలు పెట్టుకోలేకపోతున్నారా, నడకలో తూలుతున్నారా? అది మామూలు మెడనొప్పి కాదు, ముందు డాక్టర్‌కి చూపించండి, కోతలు తర్వాత.

నెత్తిన వరి మోపు వద్దు. అరిగిన మెడ మీద ఆ బరువు ప్రమాదం.

తెల్లారకముందే మంచుకి తడిసిన గట్ల మీద నడవకండి, జారతారు.

క్షవరం అయ్యాక మెడ విరిపించుకోవడం మా ఆమదాలవలస వైపు చాలామందికి అలవాటే. మీరు మాత్రం దయచేసి వద్దని చెప్పండి.