పిల్లల ఒంట్లో చేరిన లోహాలు తెలుసుకోవడానికి వెంట్రుకల నమూనా ఎలా తీయాలి?

వెంట్రుకలు తీయడంలో ఏముంది, కత్తెర ఉంటే చాలు కదా అనుకుని ఊళ్లలోకి వెళ్లే ప్రాజెక్టు విద్యార్థుల కోసం, సర్వే బృందాల కోసం ఇది రాస్తున్నాను. నమూనాలు ల్యాబులో పాడవడం తక్కువ. పిల్లల తల దగ్గరే పాడవుతాయి. ఏది మొదలో ఏది కొసో తెలియని కుచ్చు, దువ్వెనలో ఊడిన చిక్కు, సెలూన్ నేల మీంచి ఊడ్చి తెచ్చిన ముక్కలు ఇస్తే ఎంత ఖరీదైన మిషన్‌లో పెట్టినా వచ్చే అంకెకు అర్థం ఉండదు.

ముందు ఏ మూలకం కావాలో తేల్చుకోండి

వెంట్రుక అన్నిటికీ పనికిరాదు. నమ్మకంగా పనికొచ్చేది పాదరసానికి, అందులోనూ చేపల ద్వారా వచ్చే మిథైల్ మెర్క్యురీకి. అది వెంట్రుకలోని కెరటిన్ అనే ప్రోటీన్‌ను గట్టిగా పట్టుకుంటుంది. రక్తంలో ఉన్నదానికి సుమారు 250 రెట్లు వెంట్రుకలో కనిపిస్తుంది. యూరప్‌లో 17 దేశాల పిల్లల మీద, వాళ్ల తల్లుల మీద జరిగిన డెమోకోఫెస్ సర్వేలోనూ పాదరసాన్ని కొలిచింది వెంట్రుకల్లోనే. చేపలు బాగా తినే స్పెయిన్, పోర్చుగల్ పిల్లల్లో ఎక్కువ వచ్చింది.

ఆర్సెనిక్‌కూ కొంతవరకు వాడొచ్చు. కానీ ఆర్సెనిక్ ఉన్న బోరు నీళ్లతో తలస్నానం చేసే పిల్లల్లో అది బయటి నుంచి కూడా వెంట్రుకకు పట్టేస్తుంది. తాగితే వచ్చిందా, స్నానంతో వచ్చిందా అన్నది విడదీసి చెప్పడం కష్టం.

సీసానికి మాత్రం వెంట్రుకలు అడగకండి. రక్త పరీక్షే చేయించాలి. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2021 నుంచి పిల్లల రక్తంలో డెసిలీటరుకు 3.5 మైక్రోగ్రాములను, దాటితే పట్టించుకోవాల్సిన గీటుగా పెట్టుకుంది. వెంట్రుకకు అలాంటి గీటు లేదు. ఏలూరులో 2020 డిసెంబరులో వందల మంది ఉన్నట్టుండి మూర్ఛలతో ఆసుపత్రుల పాలైనప్పుడు ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. అలాంటప్పుడు తీయాల్సింది రక్తం, మూత్రమే. నిన్న ఒంట్లోకి వెళ్లింది వెంట్రుకగా చర్మం పైకి రావడానికే సుమారు వారం పడుతుంది.

సామాను, అనుమతి

మొన మొద్దుగా ఉన్న స్టీల్ కత్తెర, స్పిరిట్, పౌడర్ లేని గ్లౌజులు, రంగు వేయని తెల్ల నూలు దారం, ప్లాస్టిక్ క్లిప్పులు, తెల్ల కాగితాలు, కాగితపు కవర్లు, పెన్సిలు. నికెల్, క్రోమియం కొలవాలంటే స్టీల్ వద్దు, సిరామిక్ కత్తెర తెచ్చుకోండి. స్టీల్‌లో ఆ రెండూ ఉంటాయి.

ఎథిక్స్ కమిటీ అనుమతి, తల్లిదండ్రుల సంతకం లేకుండా ఏ పిల్లవాడి తలా ముట్టుకోకూడదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం ఏడేళ్లు దాటిన పిల్లల్ని కూడా అడగాలి. పన్నెండు దాటితే వాళ్లకు అర్థమయ్యేలా రాసి, రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోవాలి.

మన ఊళ్లలో ఇంకో సంగతి ఉంది. శుక్రవారం, మంగళవారం, అమావాస్య రోజుల్లో చాలా ఇళ్లలో కత్తెర పట్టనివ్వరు. పరాయివాళ్ల చేతికి బిడ్డ వెంట్రుకలు ఇవ్వాలంటే చేతబడి భయం కూడా ఉంటుంది. దాన్ని మూఢనమ్మకమని వాదించి గెలిచేదేమీ లేదు. "వెంట్రుకలు ఎక్కడికి వెళ్తాయి, ఏం చేస్తారు, మిగిలింది ఏమవుతుంది" అని ఆ తల్లి అడక్కముందే మీరే చెప్పండి. యాసిడ్‌లో పూర్తిగా కరిగిపోతాయని చెబితే చాలామంది తేలికపడతారు. అది నిజం కూడా.

కత్తిరించడం: ఇక్కడ నిదానంగా చదవండి

వెంట్రుక నెలకు దాదాపు 1 సెంటీమీటరు పెరుగుతుంది. కాబట్టి మాడు వైపున్న మొదటి 3 సెంటీమీటర్లు అంటే గడిచిన మూడు నెలలు. నాలుగో సెంటీమీటరు అంతకు ముందు నెల. ఇలా వెనక్కి వెళ్తూ ఉంటుంది. 1971-72లో ఇరాక్‌లో మిథైల్ మెర్క్యురీ పట్టించిన విత్తన గోధుమలను రొట్టెలు చేసుకుని తిన్న గర్భిణులు, ఏ నెలలో ఎంత విషం తిన్నారో వాళ్ల పొడవాటి వెంట్రుకలను ముక్కలు చేసి తర్వాత తెలుసుకోగలిగారు. ఏ రక్త పరీక్షకూ అంత వెనక్కి వెళ్లడం సాధ్యం కాదు. కానీ మొదలు, కొస తారుమారైతే ఆ లెక్క మొత్తం తల్లకిందులవుతుంది. ఒక్కసారి పాయ చేతిలోంచి జారి పళ్లెంలో పడి కలిసిపోయిందంటే మళ్లీ సరిచేసే దారి లేదు.

ఎక్కడ తీయాలి? తల వెనక, రెండు చెవుల మధ్య గీత గీస్తే దాని దగ్గర, ఉబ్బుగా ఉండే ఎముకకు కాస్త కిందగా. అక్కడ పెరుగుదల ఎక్కువ సమానంగా ఉంటుంది. పెరగడం ఆగి ఊడటానికి సిద్ధంగా ఉన్న వెంట్రుకలు తక్కువ. పై జుట్టు దాన్ని కప్పేస్తుంది కాబట్టి అమ్మాయిలకు జడ వేసినా కనిపించదు. నుదుటి మీంచి, పాపిట పక్కనుంచి తీయొద్దు.

ఎంత తీయాలి? కొన్ని మాన్యువళ్లలో పెన్సిల్ మందం అని ఉంటుంది. దాన్ని అక్షరాలా పాటించి పిల్ల తలకు వెనక బొక్క పెట్టిన వాళ్లున్నారు. అంత అక్కర్లేదు. అగ్గిపుల్ల మందం పాయ మొత్తానికి ఉంటే, 3 సెంటీమీటర్ల ముక్క దగ్గర దగ్గర 100 మిల్లీగ్రాములు తూగుతుంది. ఒక్క పాదరసమే అయితే అందులో సగం చాలు. అది కూడా ఒకే చోట కాదు, పక్కపక్కనే మూడు నాలుగు చోట్ల కొద్దికొద్దిగా.

బిడ్డను తల్లి ఒళ్లో, మొహం తల్లి వైపు పెట్టి కూర్చోబెట్టండి. పై జుట్టు ఎత్తి ప్లాస్టిక్ క్లిప్పు పెట్టండి. సన్నని పాయను వేళ్లతో తీసి, మెలిపెట్టకుండా తిన్నగా లాగి పట్టుకోండి. ఇప్పుడు కత్తెర కాదు, దారం. మాడు నుంచి కనీసం 4 సెంటీమీటర్ల దూరంలో, గట్టిగా రెండు ముళ్లు. దారం మొదలు దగ్గరే కట్టమనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. కొలవాల్సిన ముక్కకే దారం, వేళ్లు, ముడి అన్నీ తగులుతాయి. కొస వైపు కడితే మనకు కావాల్సిన 3 సెంటీమీటర్లను ఏదీ తాకదు. కత్తిరించాక కడదాంలే అని వదిలేస్తే ఇంకా అన్యాయం. ఆ లోపు వెంట్రుకలు ఒకదాని మీద ఒకటి జారతాయి. ఒక సెంటీమీటరు జారిందంటే ఒక నెల కిందికి పోయినట్టే. చూస్తే తెలియదు కూడా, పాయ చక్కగానే కనిపిస్తుంది.

ముడి పడ్డాకే కత్తెర. బ్లేడును మాడుకు సమాంతరంగా, చర్మానికి ఆనించినంత దగ్గరగా పడుకోబెట్టి ఒకే కోతలో తెగ్గొట్టాలి. నిలువుగా పట్టుకుంటే మెట్లు మెట్లుగా తెగుతుంది, బిడ్డ కదిలితే గాయమూ అవుతుంది. మాడు మీద అర సెంటీమీటరు వదిలేశారంటే ఇటీవలి రెండు వారాలు వదిలేసినట్టు. పీకడం మాత్రం ఎప్పుడూ వద్దు. నొప్పి ఒకటి, కుదురుతో పాటు వచ్చే కణజాలం ఇంకొకటి.

తెగిన పాయను కింద పెట్టకుండా, ముందే బాణం గుర్తు వేసి ఉంచిన కాగితం మీద మొదలు బాణం మొన వైపు వచ్చేలా పెట్టి, మడిచి, కవర్లో వేయండి. స్టేప్లర్ పిన్ను కొట్టకండి. సెలోటేపు అంటించకండి. కోడ్ నంబరు పెన్సిల్‌తోనే. పేరు కవరు మీద ఉండకూడదు.

క్రాఫు కొట్టించుకున్న మగపిల్లల దగ్గర దారం కట్టడం కుదరదు. వాళ్ల వెంట్రుక ఎంత పొడవుందో అంతా తీసుకుని, పొడవు కొలిచి రాయండి. సెంటీమీటరు కంటే తక్కువుంటే రెండు నెలలాగి రండి. గుండు చేయించిన వాళ్లకు మూడు నెలలు ఆగాల్సిందే. పుట్టువెంట్రుకలు తీసే రోజు పళ్లెంలో పడ్డవి ఇస్తామని కొందరు అంటారు. అవి దేవుడికి మొక్కుకున్నవి, పైగా అన్నీ కలిసిపోయినవి. ఇంట్లో వాళ్లు మనస్ఫూర్తిగా ఒప్పుకుంటే గుండుకు ముందే ఒక పాయ తీసుకోండి, లేదంటే వదిలేయండి. వాటి కొసల్లో పుట్టినప్పటి వివరాలు ఉంటాయనీ అనుకోవద్దు. పసిపిల్లల తల వెనక జుట్టు మొదటి నెలల్లోనే చాలావరకు రాలి కొత్తది వస్తుంది.

అక్కడే రాసుకోవాల్సినవి

వయసు, చివరిసారి జుట్టు తీసిన తేదీ, నూనె, గోరింటాకు, షాంపూ. చుండ్రు షాంపూల్లో సెలీనియం సల్ఫైడో జింక్ పైరిథియోనో ఉంటాయి. అవి రాసే ఇంట్లో జింక్, సెలీనియం అంకెలు నమ్మడానికి లేదు. నీళ్లు బోరువా, కుళాయివా? వారానికి ఎన్నిసార్లు చేపలు? ఏ చేపలు అని తప్పకుండా అడగండి. వంజరం, సొర లాంటి వేటాడి తినే పెద్ద చేపల్లో పాదరసం ఎక్కువ పేరుకుంటుంది, నెత్తళ్లు, కవళ్లలో తక్కువ.

ల్యాబులో

కవర్లను పొడిగా, చీకటిగా ఉండే చోట పెడితే చాలు, ఫ్రిజ్ అవసరం లేదు. ల్యాబువాళ్లను మాత్రం రెండు ప్రశ్నలు అడగండి. ఎలా కడుగుతారు? అసిటోన్, మూడుసార్లు నీళ్లు, మళ్లీ అసిటోన్ అన్నది అంతర్జాతీయ అణుశక్తి సంస్థ చాలాకాలంగా చెప్పే పద్ధతి. ఏదైనా సరే, అన్ని నమూనాలకూ ఒకేలా ఉండాలి. ఎక్కువ కడిగితే లోపలిదీ పోతుంది, తక్కువ కడిగితే బయటి మట్టి మిగులుతుంది. రెండోది, మూలకాల మోతాదు ముందే ధ్రువీకరించిన ప్రామాణిక వెంట్రుకల పొడిని మీ నమూనాలతో పాటు నడుపుతారా? లేదంటే ఆ ల్యాబుకు ఇవ్వకండి. 2001లో జామా అనే వైద్య పత్రికలో వచ్చిన పరిశీలనలో ఒకే మనిషి వెంట్రుకలను అమెరికాలో ఆరు ల్యాబులకు పంపితే ఫలితాలు ఒకదానికొకటి పొంతన లేకుండా వచ్చాయి.

ఫలితం వచ్చాక

పాదరసానికి గ్రాముకు 1 మైక్రోగ్రాము అన్నది అమెరికా పర్యావరణ సంస్థ సురక్షిత మోతాదుతో సరిపోయే గీటు. జపాన్‌లో పాదరసం చేరిన చేపలు తిని జబ్బుపడ్డ మినమాట రోగుల్లో 700 దాటిన వెంట్రుకలు కూడా ఉన్నాయి. గీటు కాస్త దాటిన బిడ్డ తల్లిని చేపలు మాన్పించేలా భయపెట్టొద్దు, పెద్ద చేప బదులు చిన్న చేప పెట్టమనండి. మిగతా లోహాల అంకెలు ఎక్కువొస్తే దాన్ని జబ్బుగా చెప్పకండి. డాక్టరు దగ్గర రక్త పరీక్ష చేయించుకోమని రాసివ్వండి. వెంట్రుక రిపోర్టు ఒక్కటి పట్టుకుని పిల్లలకు లోహాలు తీసేసే కీలేషన్ మందులు వాడించే చోట్లకు మాత్రం వెళ్లొద్దని గట్టిగా చెప్పండి. ఆ మందులు ఒంటికి కావాల్సిన కాల్షియాన్నీ లాగేయగలవు, అమెరికాలో ఒక బాబు అలాగే చనిపోయాడు.